దస్తావేజుల రక్షణకు ప్రభుత్వ నిధి: అడగవలసినది, మనం చేయవలసినది

(నాగారంలో మస్జిద్ కమిటీల బాధ్యులు, ముతవల్లీలు, యువజనులు, మహిళలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసకులుగా మాకు అనుభవం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి, ఆ కాలంలో అధిక భాగం రికార్డు గదులలోనే గడిపాము. దుమ్ముతో, చెదలతో, ఎర్రగుడ్డ మూటలతో సహవాసం చేసినవారము. పదవీ విరమణ తరువాత ఉప్పల్, నాచారం, నాగారం ప్రాంతాలలో మస్జిద్ కమిటీలకు కాగితాల పనిలో సాయపడుతూ వస్తున్నాము. ఈ రోజు మీ ముందు ఉంచదలచిన విషయం ఒక్కటే. మన చారిత్రక దస్తావేజులను కాపాడుకోవడానికి ప్రభుత్వ ధనం ఎంత ఉన్నది, అది మన దాకా ఎందుకు రావడం లేదు, రావాలంటే ప్రభుత్వం ఏమి చేయాలి, మనమేమి చేయాలి.

ముందుగా ఒక అనుభవం చెబుతాము. మన తూర్పు ప్రాంతంలోనే ఒక చిన్న ఖబరస్తాన్ ఉన్నది. ఊరు పేరు, కుటుంబం పేరు చెప్పడం మర్యాద కాదు. ఆ స్థలానికి నిజాం కాలంలో ఇచ్చిన ముంతఖబ్ ఒకటి ముతవల్లీ కుటుంబం వద్ద రేకు పెట్టెలో ఉండేది. ముతవల్లీ గారు మంచి ఉద్దేశంతోనే దానిని జిరాక్సు దుకాణానికి తీసుకొనిపోయి లామినేషను చేయించారు. ప్లాస్టిక్కు పొరల నడుమ వేడికి కాగితం గోధుమ రంగుకు తిరిగింది, సిరా వెలిసింది. లామినేషనుకు ముందే తూర్పు హద్దు వ్రాసిన పంక్తిని చెదలు తినేశాయి. కొన్నేళ్లకు పొరుగువారితో వివాదం వచ్చింది. వివాదం తూర్పు హద్దు మీదనే వచ్చింది.

కాగితం మా చేతికి వచ్చినప్పుడు మేము మొదట వెనుక వైపు చూశాము. రికార్డు గదిలో పనిచేసినవారికి అది అలవాటు. ముతవల్లీ గారి తాతగారు పెన్సిలుతో ఒక నిషాన్ నంబరు, ఫసలీ సంవత్సరం వేసి ఉంచారు. ప్లాస్టిక్కు కింద కూడా ఆ అంకెలు మసకగా కనిపించాయి. ఆ నంబరు పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగి, ఏడు నెలల తరువాత మూల మిసల్ నుండి ధ్రువీకరించిన నకలు పొందగలిగాము. అప్పటికి గోడ నడుము ఎత్తు లేచింది. నకలు చూపిన తరువాత పని ఆగింది. ఆ తాతగారు పెన్సిలుతో వేసిన నాలుగు అంకెలు లేకపోతే ఆ స్థలంలో ఇప్పుడు ఏమి ఉండేదో మీరే ఊహించండి.

అటువంటి రేకు పెట్టెలు మన మహల్లాలలో ఎన్ని ఉన్నాయి? వాటిలో ఏమున్నదో చెప్పగల పట్టిక ఎవరి దగ్గర ఉన్నది? ఈ రెండు ప్రశ్నలతోనే మేము ఇక్కడికి వచ్చాము.

మన చరిత్ర ఎక్కడ ఉన్నది?

నాగారం నుండి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా బయలుదేరితే తార్నాక చేరుతాము. అక్కడ తెలంగాణ రాష్ట్ర పురాలేఖ భాండాగారం ఉన్నది. ఆ దారిన రోజూ వేలమంది పోతారు. లోపల ఏమున్నదో తెలిసినవారు తక్కువ. ఆ భవనంలో 4 కోట్లకు పైగా పత్రాలు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం ఫారసీలో, ఉర్దూలో ఉన్నవే. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలపు 1406 నాటి పత్రం వాటిలో అతి పాతది. షాజహాను, ఔరంగజేబుల కాలంలో దక్కను పాలనకు చెందిన పత్రాలే సుమారు లక్షన్నర ఉన్నాయి. సైనికుల జీతాలు, గుర్రాల లెక్కలు, జాగీర్ల కేటాయింపులు, రోజువారీ వార్తా లేఖలు అందులో భద్రమై ఉన్నాయి. మొగలుల దక్కను పాలనకే చెందిన మరొక పెద్ద సేకరణ, ఇనాయత్ జంగ్ సేకరణ పేరుతో, ఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారంలో ఉన్నది.

ఈ భాండాగారానికి మూలం నిజాం ప్రభుత్వపు దఫ్తరె దీవానీ. 1853 నుండి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పాలనను సంస్కరించినప్పుడు కార్యాలయాల దస్త్రాలకు ఒక క్రమం ఏర్పడింది. 1884లో రాజభాష ఫారసీ నుండి ఉర్దూకు మారింది. కాబట్టి ఒక దర్గా పాత సనదు ఫారసీలోను, అదే దర్గా తరువాతి ముంతఖబ్ ఉర్దూలోను ఉండడం మామూలు విషయం. ఆ రెండింటినీ ఒకే చోట పెట్టి చదవగలవారు ఇప్పుడు వేళ్ల మీద లెక్కించదగినంత మంది.

వక్ఫుల విషయంలో మరికొన్ని పేర్లు గుర్తుంచుకోవాలి. నిజాం ప్రభుత్వంలో మత వ్యవహారాల శాఖను ఉమూరె మజ్‌హబీ అనేవారు. 1349 ఫసలీలో వచ్చిన హైదరాబాదు ధర్మాదాయ నిబంధనల కింద కితాబుల్ ఔఖాఫ్ అనే రిజిస్టరు నిర్వహించారు. హైదరాబాదు ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. అంటే అది 1939 ప్రాంతపు మాట. ఇనాముల విచారణ జరిపి ఇచ్చిన నిర్ణయ పత్రం ముంతఖబ్. 1952లో వచ్చిన అతియాత్ విచారణల చట్టం కింద ఆ విచారణలు తరువాత కూడా కొనసాగాయి. భూమి కొలతలకు సేత్వారు, సాగుకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉన్నాయి. ఇవన్నీ ఒకే కార్యాలయంలో లేవు. ఒక్క ఖబరస్తాన్ చరిత్ర పూర్తిగా తెలియాలంటే నాలుగైదు చోట్ల తలుపు తట్టవలసి ఉంటుంది.

ఇది ముస్లింల విషయం మాత్రమే అనుకోవద్దు. దేవాలయాలకు నిజాములు ఇచ్చిన ఇనాముల పత్రాలు కూడా ఈ ఉర్దూ, ఫారసీ మిసళ్లలోనే ఉన్నాయి. రైతు పట్టా మూలం కూడా అక్కడే ఉన్నది. ఆ పత్రాలు శిథిలమైతే పూజారి, రైతు, ముతవల్లీ ముగ్గురూ నష్టపోతారు. ప్రభుత్వాన్ని నిధులు అడిగేటప్పుడు ఈ మాట మనం గట్టిగా చెప్పాలి. తెలంగాణ ప్రజలందరి ఆస్తి తరఫున అడుగుతున్నాము.

ఇప్పుడే ఎందుకు?

2025 ఏప్రిల్ 8 నుండి వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభమైంది. రిజిస్టరైన ప్రతి వక్ఫ్ వివరాలను 6 నెలలలో నమోదు చేయాలన్నారు. డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఆ గడువును సామూహికంగా పొడిగించడానికి నిరాకరించి, అవసరమైనవారు ట్రిబ్యునళ్లను ఆశ్రయించవచ్చునని చెప్పింది. ఆ చట్టంపై మన అభ్యంతరాలు ఈ పత్రికలో అనేకసార్లు వచ్చాయి. వాటిని ఇక్కడ తిరిగి చెప్పము. ఆ ఆరు నెలలలో మన ప్రాంతపు కమిటీలతో కూర్చున్నప్పుడు మేము చూసినది మాత్రం చెబుతాము.

రాత్రి ఇషా నమాజు తరువాత యువకులు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవారు. పోర్టల్ అడిగిన మొదటి ప్రశ్నలకు సమాధానాలు వచ్చేవి. విస్తీర్ణం, హద్దులు, వక్ఫ్ ఏర్పడిన తీరు, దస్తావేజు ఉంటే దాని ప్రతి అనే చోట అందరూ ఆగిపోయేవారు. కాగితం లేక ఆగినవారు కొందరే. కాగితం ఉండీ అది ఏమిటో తెలియక ఆగినవారు ఎక్కువ. ఒక కమిటీ వారు ముంతఖబ్ అనుకొని పాతికేళ్లుగా పటం కట్టి గోడకు వేలాడదీసినది నీటి పన్ను రసీదు. అసలు ముంతఖబ్ అదే ఇంట్లో, పెళ్లి పత్రికల కట్టలో దొరికింది. ఆ రోజు మేము నవ్వుకున్నాము. ఇంటికి వెళ్లిన తరువాత నిద్ర పట్టలేదు.

సచార్ కమిటీ 2006లోనే దేశంలో 4.9 లక్షల రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు, 6 లక్షల ఎకరాల భూమి ఉన్నట్టు లెక్క చెప్పింది. 2009లో వక్ఫ్ బోర్డుల రికార్డుల కంప్యూటరీకరణకు కేంద్ర పథకం వచ్చింది. వంసీ అనే వ్యవస్థను ఏర్పరచారు. అంటే మన రికార్డుల కోసం ప్రభుత్వ ధనం ఖర్చు కావడం కొత్త విషయం కాదు. అయితే ఆ ఖర్చు పట్టికలోని గడులు నింపడానికి పోయింది. మూల కాగితాన్ని శుద్ధి చేసి, మరమ్మతు చేసి, చదివి, తర్జుమా చేసి భద్రపరచే పని వేరు. ఆ పని మిగిలే ఉన్నది.

మరొక హెచ్చరిక కూడా మన కళ్లముందే జరిగింది. 2017 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం వక్ఫ్ బోర్డు రికార్డు గదికి సీలు వేయించింది. అవకతవకలను అరికట్టడానికే అన్నారు. ఉద్దేశం ఏదైనా, ఒక్క గదికి తాళం పడితే రాష్ట్రమంతటి ముతవల్లీల ఆధారాలు అందుబాటులో లేకుండా పోగలవని ఆ రోజు తెలిసింది. ప్రతి ఒకేచోట ఉండడంలోనే ప్రమాదం ఉన్నది.

నిధులు ఎక్కడెక్కడ ఉన్నాయి?

మొదటిది జాతీయ పురాలేఖాగారం నడిపే ఆర్థిక సహాయ పథకాలు. ఒకటి రాష్ట్ర పురాలేఖాగారాలకు, ప్రభుత్వ గ్రంథాలయాలకు, మ్యూజియములకు. రెండవది వ్రాతప్రతులు, అరుదైన గ్రంథాలు గల స్వచ్ఛంద సంస్థలకు, విద్యాసంస్థలకు, గ్రంథాలయాలకు. జాబితా తయారు చేయడం, పురుగులు పట్టకుండా ధూపనం, మరమ్మతు, ప్రతులు తీయడం, ప్రచురణ వంటి పనులకు సహాయం లభిస్తుంది. ఖర్చులో నాలుగింట మూడు వంతులు కేంద్రం భరిస్తుంది. మిగిలిన వంతు సంస్థ సమకూర్చుకోవాలి.

రెండవది వ్రాతప్రతుల జాతీయ మిషను. 2003లో ప్రారంభమైంది. 2025-26 కేంద్ర బడ్జెటులో జ్ఞాన భారతం పేరుతో దీనిని విస్తరించి, కేటాయింపును మూడున్నర కోట్ల నుండి 60 కోట్లకు పెంచారు. కోటికి పైగా వ్రాతప్రతులను గుర్తించి భద్రపరుస్తామన్నారు. ఇక్కడ మన కమిటీలు ఒక విషయం గమనించాలి. ఈ మిషను నిర్వచనం ప్రకారం వ్రాతప్రతి అంటే చేతితో వ్రాసినది, కనీసం 75 ఏళ్లు నిండినది, విజ్ఞాన విషయం గలది. శాసనాలు, ఫర్మానాలు, రెవెన్యూ రికార్డులు చరిత్ర ఆధారాలే గాని వ్రాతప్రతులు కావని ఆ మిషను స్పష్టంగా చెప్పుకున్నది. అంటే మీ ఇంట్లోని యునానీ వైద్య గ్రంథానికి అక్కడ చోటు ఉన్నది. మీ మస్జిదు సనదుకు లేదు. తెలియక దరఖాస్తు పెట్టి, తిరస్కరించారని ఆగ్రహించడం వల్ల ప్రయోజనం ఉండదు.

మూడవది మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014-15లో తెచ్చిన హమారీ ధరోహర్ పథకం. మైనారిటీల వారసత్వాన్ని కాపాడడానికే ఏర్పడినది. దాని ద్వారా ఏమి సాధ్యమో రెండు ఉదాహరణలు చెబుతాము. సంఖ్యలో అతి చిన్న సమాజమైన పార్సీలు ఆ పథకం సహాయంతో 2016లో ఢిల్లీలో తమ నాగరికతపై గొప్ప ప్రదర్శనలు నిర్వహించారు. రెండవ ఉదాహరణ మన పక్కనే ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని దాయిరతుల్ మఆరిఫ్ 1888లో ఏర్పడిన సంస్థ. వైద్యం, గణితం, సాహిత్యం మొదలైన విషయాలపై గల 240 అరుదైన అరబీ గ్రంథాలను డిజిటలీకరించి, ఆంగ్లంలోకి అనువదించి, పునర్ముద్రించే ప్రాజెక్టుకు ఇదే పథకం కింద ఆమోదం లభించింది. సంస్థకు నిర్మాణం, పండితులు, పట్టిక ఉన్నందువల్ల అది అడగగలిగింది. తరువాత కేంద్రం హమారీ ధరోహర్‌ను నైపుణ్య శిక్షణ పథకాలతో కలిపి పీఎం వికాస్‌లో చేర్చింది. వృత్తి శిక్షణ మనకు అవసరమే. కాని ధరోహర్ అనే పేరుతో విడిగా ఉన్న తలుపు మూతపడింది. ఈ విలీనంపై మన సంఘాలు తగినంత మాట్లాడలేదని మా అభిప్రాయం.

నాలుగవది విదేశీ సహకారం. 2022లో రాష్ట్ర పురాలేఖ శాఖ ఇరానుకు చెందిన నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఫారసీ పత్రాల మరమ్మతుకు, డిజిటలీకరణకు ఒప్పందం చేసుకున్నది. మౌలాలీ గుట్ట పాదాన ఉన్న మహ్ లఖా బాయి సమాధి తోట 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో పునరుద్ధరణ పొందింది. రెండూ సంతోషించదగినవే. అయితే భవనానికి దాత త్వరగా దొరుకుతాడు. ప్రారంభోత్సవం జరుగుతుంది, ఫోటో వస్తుంది. కాగితానికి మరమ్మతు చేసినవాని ఫోటో ఎవరూ వేయరు. అందుకే కాగితం విషయంలో ప్రజాధనం తప్పనిసరి అవుతుంది.

ఇతర దేశాలు ఏమి చేస్తున్నాయో ఒక మాట. అమెరికాలో జాతీయ చారిత్రక ప్రచురణలు, రికార్డుల సంఘం అనే ప్రభుత్వ సంస్థ 1934లో ఏర్పడింది. 1964 నుండి గ్రాంట్లు ఇస్తున్నది. రాష్ట్రాల పురాలేఖాగారాలతో పాటు స్థానిక ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని సంస్థలు కూడా అందులో అర్హులు. పత్రాలు ప్రజలకు అందుబాటులోకి రావాలన్నది అక్కడి మూల సూత్రం. ఆ సూత్రాన్ని మన రాష్ట్రం అనుసరించడానికి ఏ అడ్డంకీ లేదు.

మన దాకా ఎందుకు రావడం లేదు?

నిధులు ఇచ్చే బల్లకు అవతల కూర్చొని ఫైళ్లు చూసినవారిగా కొన్ని కఠినమైన మాటలు చెప్పవలసి ఉన్నది. మన్నించండి.

గ్రాంటు అంటే ఖైరాత్ కాదు, ప్రజాధనం. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం గ్రాంటు పొందిన సంస్థ, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలో ఫారం 12-ఎలో వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. లెక్కలు మంజూరు చేసిన అధికారి, ఆడిటు శాఖ పరిశీలనకు అందుబాటులో ఉండాలి. మన కమిటీలలో ఎన్నింటికి సొసైటీ రిజిస్ట్రేషను అమలులో ఉన్నది? ఎన్నింటికి గత మూడేళ్ల ఆడిటు నివేదికలు ఉన్నాయి? జుమా చందా లెక్క నోటు పుస్తకంలో పైసాతో సహా ఉంటుంది. అది నిజాయితీకి సాక్ష్యం. కాని గ్రాంటు ఫైలుకు అది చాలదు. చార్టర్డ్ అకౌంటెంటు సంతకం కావాలి.

రెండవ లోపం పట్టిక లేకపోవడం. వంద పత్రాలు ఉన్నాయి, సహాయం చేయండి అని వ్రాస్తే ఏ అధికారీ మంజూరు చేయడు. ఎన్ని పత్రాలు, ఏ కాలానివి, ఏ భాషలో, ఏ స్థితిలో ఉన్నాయి, ఎన్ని పుటలకు మరమ్మతు కావాలి, ఒక్కొక్క పుటకు ఎంత ఖర్చు అని వ్రాయాలి. ఆ లెక్క మనం ఇవ్వనంత కాలం అంచనా లేదు. అంచనా లేనిదే మంజూరు లేదు.

మూడవది భయం. పత్రం ప్రభుత్వానికి చూపితే మన మీదికే తిప్పుతారేమో అని చాలామంది అనుకుంటారు. ఆ భయానికి కారణాలు ఉన్నాయి. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు రాష్ట్రంలో జరిగిన హింసపై పండిత సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. కనీసం 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారన్న ఆ అంచనా గురించి మన పిల్లలలో ఎక్కువమందికి 2013 దాకా తెలియదు. రికార్డు ప్రభుత్వం చేతిలో మాత్రమే ఉంటే ఏమి కాగలదో మనకు తెలుసు. అందుకే అసలు పత్రాన్ని మన వద్దనే ఉంచుకొని, నాణ్యమైన ప్రతి మాత్రం ఇచ్చే పద్ధతిని కోరాలి. అప్పుడు ఒకరి దగ్గర మాయమైనా మరొకరి దగ్గర మిగులుతుంది.

చట్టం కూడా ఇదే వైపు నిలుస్తుంది. ముప్పై ఏళ్లు నిండిన పత్రం సరైన స్వాధీనం నుండి వచ్చినట్లయితే, సంతకాలు నిజమైనవేనని న్యాయస్థానం భావించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న నియమం కొత్త సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతున్నది. సరైన స్వాధీనం అన్న మాట గమనించండి. పత్రం ఎవరి దగ్గర నుండి ఎవరికి, ఏ తేదీన చేరినదో వ్రాసిన రిజిస్టరు మీ దగ్గర ఉంటే అదే పెద్ద బలం.

ప్రభుత్వాన్ని ఏమి అడగాలి?

సమాచార హక్కు చట్టం 2005లోని 4(1)(ఎ) సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులన్నింటినీ జాబితా, సూచికలతో నిర్వహించాలి. రాజ్యాంగం 51-ఎ అధికరణ మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ప్రతి పౌరుని విధి అన్నది. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం వర్తిస్తుంది. 1892కు ముందటి రికార్డును ధ్వంసం చేయరాదని, పూర్తిగా పాడై పనికిరానిదని పురాలేఖాగార అధిపతి భావిస్తే తప్ప మినహాయింపు లేదని అందులో ఉన్నది. వీటి ఆధారంగా మేము ఐదు కోరికలను ప్రతిపాదిస్తున్నాము.

ఒకటి, వక్ఫ్ సంస్థలు, దర్గాలు, ఆషుర్‌ఖానాలు, ప్రాచీన మదర్సాలు, కుటుంబాల వద్ద ఉన్న చారిత్రక పత్రాల రక్షణకు రాష్ట్ర బడ్జెటులో ప్రత్యేక పద్దు. దేవాలయాలు, చర్చిలు, రైతు కుటుంబాల పత్రాలకు కూడా అది వర్తించాలి.

రెండు, అందులో చిన్న సంస్థలు కట్టవలసిన వంతు తగ్గించాలి. నాలుగో వంతు సొమ్ము పెద్ద సంస్థకు భారం కాదు. పాతిక ఇళ్ల మహల్లాకు అదే భారం. శ్రమను, జాబితా పనిని ఆ వంతుగా లెక్కించాలి.

మూడు, తార్నాక భాండాగారంలో ఫారసీ, ఉర్దూ, మోడీ లిపి చదవగల ఉద్యోగాలను శాశ్వత ప్రాతిపదికన నింపాలి. చదివేవారు లేనిచోట ఎంత మంచి స్కానరు ఉన్నా పత్రం మూగదే.

నాలుగు, గ్రాంటుతో తయారైన సూచికలు ఉచితంగా, తెలుగులోను ఉర్దూలోను అందరికీ అందాలి. నకలు కోరిన సామాన్యునికి నిర్ణీత గడువులో ఇవ్వాలి.

ఐదు, వక్ఫ్ బోర్డు రికార్డుల సంపూర్ణ డిజిటల్ ప్రతి ఒకటి రాష్ట్ర పురాలేఖాగారంలో కూడా ఉండాలి. ఒక్క తాళంతో హక్కులు ఆగిపోయే స్థితి మళ్లీ రాకూడదు.

మనం ఏమి చేయాలి?

గ్రాంటు వచ్చే దాకా చెదలు ఆగవు. కాబట్టి ఈ నెలలోనే ప్రారంభించదగిన పనులు చెబుతాము.

లామినేషను ఎట్టి పరిస్థితులలోనూ చేయించవద్దు. సెల్లోటేపు అంటించవద్దు. స్టేపులరు పిన్నులు, గుండుసూదులు మెల్లగా తీసివేయండి, వాటి తుప్పు కాగితాన్ని తింటుంది. మడతలు విప్పి బల్లపరుపుగా ఉంచండి. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలు గుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా, నేలకు ఎత్తుగా పెట్టండి. పాత వార్తాపత్రికలో చుట్టవద్దు. ఆరు నెలలకొకసారి తెరిచి చూడండి. ఎండలో ఆరవేయవద్దు, నీడలో గాలి తగలనివ్వండి.

ప్రతి పత్రానికి రెండు వైపులా ఫోటో తీయండి. వెనుక వైపు నిషాన్ నంబరు, ముద్ర, దాఖలు తేదీ ఉంటాయి. మేము చెప్పిన ఖబరస్తాన్ ఆ వెనుక వైపు వల్లనే నిలిచింది. ఫోటో ప్రతులు మూడు చోట్ల ఉంచండి. ఒకటి కమిటీ వద్ద, ఒకటి కమిటీలో లేని నమ్మకమైన వ్యక్తి వద్ద, ఒకటి వేరే ఊరిలో. 1908 మూసీ వరదలో ఏమేమి కొట్టుకొనిపోయాయో మన పెద్దలు కథలుగా చెప్పేవారు. మూడు చోట్లా ఒకేసారి వరద రాదు.

ఒక రిజిస్టరు తెరవండి. వరుస సంఖ్య, పత్రం రకం, భాష, ఫసలీ లేదా హిజ్రీ తేదీ, క్రీస్తు శకం, జారీ చేసిన కార్యాలయం, నిషాన్ నంబరు, పుటల సంఖ్య, స్థితి, ఎవరి వద్ద ఉన్నది అనే పది గడులు చాలు. పత్రం చేయి మారినప్పుడు ఇద్దరి సంతకాలు తేదీతో ఉండాలి. ఈ రిజిస్టరే రేపు గ్రాంటు దరఖాస్తుకు అనుబంధం అవుతుంది, ఎల్లుండి న్యాయస్థానంలో స్వాధీనానికి ఆధారం అవుతుంది.

కమిటీ రిజిస్ట్రేషను పునరుద్ధరించండి. బ్యాంకు ఖాతా సంస్థ పేరుననే ఉండాలి. ఈ సంవత్సరం నుండి ఆడిటు చేయించండి. ఒక్కొక్క మస్జిదు విడిగా దరఖాస్తు పెట్టే కంటే ఉప్పల్, నాచారం, మల్లాపూర్, నాగారం కమిటీలు కలిసి ఒకే సంస్థ ద్వారా దరఖాస్తు పెడితే ఖర్చు తగ్గుతుంది, ఫైలుకు బరువు పెరుగుతుంది.

చివరగా అమ్మాయిల విషయం. మన ఇళ్లలో ఉర్దూ చక్కగా చదవగల అమ్మాయిలు ఉన్నారు. కంప్యూటరు తెలిసినవారు ఉన్నారు. షికస్తా లిపి, పాత దఫ్తరు పదాలు నేర్పితే వారే మనకు కావలసిన పాఠకులు అవుతారు. మాకు తెలిసినంత నేర్పడానికి ప్రతి ఆదివారం సమయం ఇవ్వగలము. పదవీ విరమణ చేసిన రెవెన్యూ ఉద్యోగులు, ఉర్దూ ఉపాధ్యాయులు ముందుకు రావాలని కోరుతున్నాము. ఆ తరం వెళ్లిపోతే నేర్పేవారు కూడా ఉండరు.

ఖుర్ఆనులో అతి పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అప్పు వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకోవడం, న్యాయంగా వ్రాసే లేఖకుడు ఉండడం, సాక్షులను నియమించుకోవడం అనే విషయాలకే అది కేటాయింపబడింది. వ్రాసి ఉంచడం మన దీన్‌లో ఎంత బరువైన బాధ్యతో దానిని బట్టి తెలుసుకోవచ్చును. వక్ఫ్ చేసిన మన పూర్వులు ఆ బాధ్యత నెరవేర్చారు. వ్రాసి, ముద్ర వేయించి, మనకు అప్పగించి వెళ్లారు.

ఈ సభ ముగిసిన తరువాత ద్వారం దగ్గర బల్ల మీద పది గడుల రిజిస్టరు నమూనా కాగితాలు ఉంటాయి. ఒక్కొక్క కమిటీ ఒక్కొక్కటి తీసుకొని వెళ్లండి. ఇంటికి వెళ్లగానే పెట్టె తెరవండి. వచ్చే నెల మొదటి ఆదివారం నింపిన పట్టికలతో ఇక్కడే మళ్లీ కలుద్దాము. వాటిని కలిపి మొదటి దరఖాస్తు మేమే వ్రాసి పెడతాము. గుమాస్తాగా మాకు వచ్చిన విద్య అది ఒక్కటే. దానిని అల్లాహ్ స్వీకరించుగాక.

అస్సలాము అలైకుమ్.